బీటెక్ నుంచి స్పీచ్ థెరపీకి: రెండేళ్ళు, పదిహేను అప్లికేషన్లు, ఒక సీటు (నా అనుభవం)

స్పీచ్ థెరపీ మాస్టర్స్ సీటు కోసం అప్లై చేస్తే మొదటి రిజెక్షన్ మూడు వారాలకే వచ్చింది. డెడ్‌లైన్ కూడా ఇంకా అవ్వలేదు. ఈ చదువు ఎందుకు కావాలో చెప్తూ రాసిన నా స్టేట్‌మెంట్ అంత తొందరగా ఎవరు చదివేశారబ్బా అనుకున్నా, తర్వాత ఏడాదికి గానీ తెలీలేదు అసలు దాన్ని ఎవరూ తెరవనే లేదని. ఆ సంగతి ముందే తెలిసుంటే నాకు ఒక సంవత్సరం, బోలెడు ఫీజులు మిగిలేవి, అందుకే ఇదంతా రాస్తున్నా.

నేను బీటెక్ ఈసీఈ. ఇండియాలో నాలుగేళ్ళు టెస్టింగ్ జాబ్ చేసి పెళ్ళయ్యాక హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద అమెరికా వచ్చా. ఈఏడీ, అంటే పని చేసుకోడానికి అనుమతి, వచ్చాక మళ్ళీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాలనిపించలేదు, ఎందుకో తెలీదు, విసుగొచ్చేసింది అంతే. ఒక ఫ్రెండ్ చెప్తే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పార్ట్‌టైమ్ చేరా. పిల్లలకి స్పెషల్ ఎడ్యుకేషన్ టెస్టులు చేసేటప్పుడు, ఐఈపీ (ఆ పిల్లలకి స్కూల్ వేసే ప్రత్యేక ప్లాన్) మీటింగులప్పుడు తెలుగు తల్లిదండ్రులకి అనువాదం చెయ్యడం పని. వారానికి రెండు మూడు పిలుపులు వచ్చేవి.

ఒకరోజు నాలుగున్నరేళ్ళ బాబుకి స్పీచ్ టెస్ట్ (వివరాలు కొన్ని మార్చి చెప్తున్నా). థెరపిస్ట్ బొమ్మలు చూపిస్తుంది, వాడు పేరు చెప్పాలి. బస్ బొమ్మ చూపిస్తే "బస్సు" అన్నాడు. బుక్ చూపిస్తే "బుక్కు". ఆవిడ ప్రతిసారీ షీట్ మీద ఏదో రాసుకుంటోంది. కప్ దగ్గరికి వచ్చేసరికి వాడు "తప్పు" అన్నాడు. సెషన్ మధ్యలో ఇంటర్‌ప్రెటర్ సొంత మాట కలపకూడదు, అది రూల్, అన్నీ అయ్యాక డీబ్రీఫింగ్‌లోనే చెప్పాలి. నోరు మూసుకుని కూర్చున్నా. అయ్యాక ఆవిడే అడిగింది, వీడు ప్రతి పదం చివర "ఉ" ఎందుకు తగిలిస్తున్నాడు అని. నేను అన్నా, అది వాడి తప్పు కాదండీ, మా భాషే అంత, మా మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి, ఇల్లు, పాలు, కారు, బస్సు, మా అమ్మ కూడా అలాగే అంటుంది అని. ఆవిడ నవ్వి రబ్బరు తీసుకుని ఆ కాలమ్ మొత్తం చెరిపేసింది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది: మరి "క" బదులు "త" అనడం తెలుగులో కూడా ఉందా? వాళ్ళమ్మని అడిగా. ఆవిడ ముద్దుగా నవ్వుతూ "కుక్కని తుత్త అంటాడండీ, కాకిని తాతి అంటాడు, మేమందరం కూడా వాడితో అలాగే అంటాం" అంది. అదీ సంగతి. ఒక భాష అలవాటు ఇంకో భాషలోకి వచ్చి పడితే అది తేడా, రెండు భాషల్లోనూ అదే చోట తడబడితే అది చూడాల్సిన సమస్య. ఆ ఒక్క గంటలో ఆ బాబుకి ఒకటి కొట్టేసి ఒకటి మిగిల్చారు, దాన్ని బట్టి వాడికి థెరపీ వచ్చింది. ఇంటికొచ్చేదాకా దాని గురించే ఆలోచన. ఆ రాత్రే కూర్చుని ఎస్ఎల్‌పీ, అంటే స్పీచ్ థెరపిస్ట్, అవ్వాలంటే ఏం చదవాలి అని వెతికా.

వెతికితే తేలింది ఏంటంటే బ్యాచిలర్స్‌తో పని జరగదు. ఆషా, అంటే ఇక్కడి స్పీచ్ థెరపిస్టుల, ఆడియాలజిస్టుల సంఘం, 1925 నుంచీ ఉంది, వాళ్ళ సర్టిఫికేషన్ కావాలంటే మాస్టర్స్ ఉండాలి, అదీ సీఏఏ (ఈ కోర్సులకి గుర్తింపు ఇచ్చే మండలి) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో. అందులో 400 క్లినికల్ గంటలు (25 అబ్జర్వేషన్, 375 నేరుగా క్లయింట్లతో), ప్రాక్సిస్ పరీక్షలో 162 రావాలి, చదువయ్యాక 36 వారాల ఫెలోషిప్, కనీసం 1260 గంటలు. మా అమ్మకి ఇదంతా చెప్తే "డాక్టర్ చదువులా ఉందే, మాటలు నేర్పడానికి ఇంతా?" అంది. నేనూ మొదట అలాగే అనుకున్నా. మాటలు మాత్రమే కాదని, మింగడం కూడా వీళ్ళ పనే అని తర్వాత తెలిసింది, దాని గురించి కింద చెప్తా.

పోటీ ఎందుకింత అంటే కారణం ఆ 400 గంటలే. క్లాసులో ఇంకో పది కుర్చీలు వెయ్యడం ఎవరికైనా తేలికే, కానీ ప్రతి స్టూడెంట్‌కీ క్లినిక్కులో, స్కూల్లో, హాస్పిటల్లో పక్కనుండి చూసే సర్టిఫైడ్ సూపర్‌వైజర్ ఉండాలి, వాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? అందుకని బ్యాచ్ ముప్పై మంది, అప్లికేషన్లు కొన్నిచోట్ల మూడు నాలుగు వందలు.

సరే, నాలాంటి బయటి ఫీల్డ్ వాళ్ళకి ముందు లెవెలింగ్ కోర్సులు ఉంటాయి, పోస్ట్‌బ్యాక్ అంటారు. ఫొనెటిక్స్, స్పీచ్ అండ్ హియరింగ్ అనాటమీ, లాంగ్వేజ్ డెవలప్‌మెంట్, ఆడియాలజీ, స్పీచ్ సైన్స్, న్యూరో ఇలా. ఆన్‌లైన్‌లో 2021 ఫాల్‌లో మొదలుపెట్టా, ఒకోసారి ఒకటి, ఒకోసారి రెండు కోర్సులు. వీటికి తోడు ఆషాకి బయాలజీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సోషల్ సైన్స్ ఒక్కొక్కటి కావాలి. ఫిజిక్స్ బీటెక్ ఫస్టియర్‌ది ఒప్పుకున్నారు, ప్రాబబిలిటీ పేపర్‌ని స్టాటిస్టిక్స్ కింద ఒప్పుకున్నారు (సిలబస్ కాపీ పంపమన్నారు, పాత సిలబస్ పీడీఎఫ్ కోసం నేను పడ్డ పాట్లు వేరే కథ). బయాలజీ దగ్గర దొరికిపోయా. మనం ఎంపీసీ కదా, టెన్త్‌తోనే బయాలజీకి దండం పెట్టేశాం. 31 ఏళ్ళ వయసులో కమ్యూనిటీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ల్యాబ్‌తో సహా హ్యూమన్ బయాలజీ చేశా. నా ల్యాబ్ పార్ట్‌నర్ మొదటిరోజు నన్ను టీచర్ అనుకుంది.

ఫొనెటిక్స్ మాత్రం పండగ. క్లాసులో అందరూ "పిన్"లో ప, "స్పిన్"లో ప ఒకటే అంటున్నారు, నాకు స్పష్టంగా తేడా వినిపిస్తోంది, మొదటిదాంట్లో గాలి ఉంది, రెండోది మామూలు మన ప. అచ్చతెలుగు ప, వత్తు ఫ మధ్య తేడా తెలిసిన చెవికి అదో లెక్కా. ఇంకొకటి, అమెరికన్లు "వాటర్" అన్నప్పుడు మధ్యలో టకారం ట లాగా ఉండదు, నాలుక ఒక్కసారి పైన తట్టి వచ్చేస్తుంది, దాన్ని ఫ్లాప్ అంటారట, నా చెవికి అది మన ర. "వారర్" అంటున్నారు వీళ్ళు అని ఇన్నేళ్ళూ నవ్వుకున్నదానికి ఒక పేరుంది! అయితే గర్వం ఎంతోసేపు నిలవలేదు, వావెల్స్ మొదలవగానే నా పని అయిపోయింది. "కాట్", "కాట్" అని రెండుసార్లు చెప్పి ప్రొఫెసర్ ఏది ఏదో రాయమంటే (ఒకటి మంచం, ఇంకోటి పట్టుకున్న) నాకు రెండూ ఒకటే. మూడో క్విజ్‌లో 61 వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు రోజూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పని.

ఇప్పుడు మొదటి ఏడాది చేసిన తప్పుల సంగతి. ఒకటి కాదు.

2022 చివర్లో అప్లై చేశా, 2023 ఫాల్ సీటు కోసం. అప్పటికి నా లెవెలింగ్ కోర్సుల్లో మూడింటికే గ్రేడ్లు వచ్చున్నాయి, మిగతావి "ఇన్ ప్రోగ్రెస్". ఆగాల్సింది. ఆగలేదు, ఎందుకంటే వయసైపోతోందన్న కంగారు. స్కూళ్ళు ఎలా ఎంచుకున్నా అంటే ర్యాంకింగ్ లిస్ట్ తెరిచి పైనుంచి ఆరు. ఎంసెట్ బుర్ర కదా మనది, ర్యాంకు చూడనిదే ముద్ద దిగదు.

దాదాపు అన్నీ సీఎస్‌డీకాస్ అనే ఒకే పోర్టల్ నుంచి పోతాయి. ట్రాన్స్‌క్రిప్టులు దానికి పంపాలి, చదివిన ప్రతి కోర్సూ టర్మ్ వారీగా ఎంటర్ చెయ్యాలి, వాళ్ళు సరిచూసుకోడానికి వారాలు పడుతుంది. ఇండియా డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్చే వెస్ అనే సంస్థ ఎవాల్యుయేషన్ కావాలి, అదీ కోర్సు బై కోర్సుది. నా పాత యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించడానికి మా తమ్ముడు ఆ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాడు, నాలుగోసారి కవర్ మీద సంతకం చేసి స్టాంపు వెయ్యడం మర్చిపోయారని మళ్ళీ వెళ్ళాడు. అది నవంబర్లో. మీరెవరైనా చేస్తుంటే జూన్‌లోనే ఆ పని మొదలుపెట్టండి, దయచేసి.

చివరికి వెస్ లెక్కలో నా బీటెక్ జీపీఏ నాలుగుకి 2.96 వచ్చింది. సెకండియర్లో బొటాబొటీగా గట్టెక్కిన మ్యాథ్స్ పేపర్లు పన్నెండేళ్ళ తర్వాత ఇలా ఎదురొచ్చాయి. 2.96 అంటే మూడుకి దగ్గరేగా, పోస్ట్‌బ్యాక్‌లో 3.9 ఉంది, స్టేట్‌మెంట్ బాగా రాద్దాం, చూసేవాళ్ళు చూస్తారు అనుకున్నా. ఎవరూ చూడలేదు. ఎందుకో చెప్తా.

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో రెండు గుమ్మాలుంటాయి. ఒకటి గ్రాడ్యుయేట్ స్కూల్, అంటే మొత్తం యూనివర్సిటీకి సంబంధించిన అడ్మిషన్ ఆఫీస్. రెండోది డిపార్ట్‌మెంట్, స్టేట్‌మెంట్లు చదివేది వీళ్ళు. చాలాచోట్ల మొదటి గుమ్మం దగ్గర 3.0 అని గీత ఉంటుంది. నా 2.96 అక్కడే ఆగిపోయింది, లోపల ఉన్నవాళ్ళకి నేనొకదాన్ని ఉన్నాననే తెలీదు. మూడు వారాల్లో రిజెక్షన్ వచ్చింది అందుకే. ఇంకో స్కూల్లో దీనికంటే ఘోరం, సీఎస్‌డీకాస్‌తో పాటు యూనివర్సిటీ సొంత అప్లికేషన్ కూడా విడిగా నింపాలి, విడిగా ఫీజు కట్టాలి, అది వాళ్ళ పేజీలో ఎక్కడో కిందుంది, నేను చూడలేదు. మార్చిలో "ఇన్‌కంప్లీట్" అని మెయిల్ వచ్చింది. తప్పు నాదే, అయినా ఆ రోజు ఎవరినో తిట్టాలనిపించి మా ఆయన్ని తిట్టా.

ఆరుకి ఆరు పోయాయి. ఏప్రిల్ అంతా మనుషుల్లో పడలేదు.

మే నెలలో పోస్ట్‌బ్యాక్‌లో అనాటమీ చెప్పిన ప్రొఫెసర్‌కి ఆఫీస్ అవర్స్‌లో జూమ్‌లో కలిసి ఉన్నదున్నట్టు చెప్పేశా. ఆవిడ మొత్తం విని ఒకటే అడిగింది, "వాళ్ళు ఏ జీపీఏ చూస్తారో అడిగావా?" అని. ఏ జీపీఏ ఏంటి, జీపీఏ అంటే ఒకటేగా? కాదట. కొన్ని స్కూళ్ళు డిగ్రీ మొత్తం చూస్తాయి, కొన్ని చివరి 60 క్రెడిట్లే చూస్తాయి, కొన్ని మేజర్ అంటే ఈ ఫీల్డ్ కోర్సులది మాత్రమే చూస్తాయి. మొత్తం చూస్తే నేను 2.96, మేజర్ మాత్రం చూస్తే 3.9, చివరి 60 అంటే పోస్ట్‌బ్యాక్‌తో పాటు బీటెక్ ఆఖరి ఏడాది కలుస్తుంది కాబట్టి మూడున్నర పైన. మనిషి అదే, మార్కులు అవే. ఎవరు ఎక్కడ్నుంచి లెక్కేస్తారన్నదే తేడా.

ఆ వేసవి అంతా ఒక స్ప్రెడ్‌షీట్. టెస్టింగ్ జాబ్ ఊరికే పోలేదు. ఆషా వాళ్ళ ఎడ్‌ఫైండ్‌లో (ప్రోగ్రామ్స్ వెతుక్కునే సైట్) ప్రతి ప్రోగ్రామ్‌కి ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఎంతమందికి ఆఫర్ ఇచ్చారు, చేరినవాళ్ళ జీపీఏ ఎలా ఉంది అని ఉంటుంది. ఇక్కడ ఒక కిటుకు: సీట్లు ఎన్ని అని చూడకండి, ఆఫర్లు ఎన్ని అని చూడండి. ముప్పై సీట్లున్న చోట డెబ్భై ఎనభై ఆఫర్లు ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, ఎందుకంటే మంచి స్టూడెంట్స్ అందరూ నాలుగైదు చోట్ల ఆఫర్లు పట్టుకుని ఒక్కచోటే చేరతారు. ర్యాంకింగ్ కాలమ్ నా షీట్‌లోంచి తీసేశా. సర్టిఫికెట్, లైసెన్స్ రెండూ సీఏఏ గుర్తింపు ఉన్న ఏ ప్రోగ్రామ్ నుంచైనా ఒకటే. కొత్తగా మొదలైన, ఇంకా "క్యాండిడసీ" స్టేజ్‌లో, అంటే పూర్తి గుర్తింపుకి ముందు దశలో, ఉన్న ప్రోగ్రామ్స్ కూడా ఉంటాయి, అక్కడ చదివినా సర్టిఫికేషన్‌కి అప్లై చెయ్యొచ్చు, చాలామందికి భయమేసి అప్లై చెయ్యరు, కాబట్టి అలాంటిది ఒకటి లిస్ట్‌లో పెట్టుకున్నా.

తర్వాత ఇరవై స్కూళ్ళకి మెయిల్ పెట్టా. మూడే లైన్లు: నేను బయటి ఫీల్డ్, విదేశీ బ్యాచిలర్స్, మీరు ఏ జీపీఏ చూస్తారు, మూడు లోపు ఉంటే డిపార్ట్‌మెంట్ దాకా వస్తుందా. పధ్నాలుగు మంది జవాబిచ్చారు. ఐదుగురు "మొత్తం చూస్తాం, కనీసం 3.0" అని కుండబద్దలు కొట్టారు, వాళ్ళకి మనసులో దండం పెట్టి కొట్టేశా. అలా తొమ్మిది మిగిలాయి. వాళ్ళలో ఒకావిడ "మూడు లోపు ఉన్నవాళ్ళ కోసం మేమే గ్రాడ్యుయేట్ స్కూల్‌కి లెటర్ రాస్తాం, మీ అప్లికేషన్ నచ్చితే" అని కూడా రాసింది. ఈ మెయిల్ పెట్టడానికి నాకు ఏడాది కిందట ఎందుకు మొహమాటం వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

అబ్జర్వేషన్ గంటల కోసం కొన్ని మాస్టర్ క్లినీషియన్ నెట్‌వర్క్ వీడియోలు చూశా, కానీ ఎదురుగా చూడాలని ఉండేది. నేను ఇంటర్‌ప్రెట్ చేసిన థెరపిస్ట్ తన స్నేహితురాలికి చెప్పి ఒక హాస్పిటల్లో రెండు రోజులు ఏర్పాటు చేసింది, దానికి టీబీ టెస్ట్, ప్రైవసీ ట్రైనింగ్, సంతకాలు. అక్కడ చూసింది మింగుడు పరీక్ష. పేషెంట్‌ని ఎక్స్‌రే మెషిన్ ముందు కూర్చోబెట్టి బేరియం కలిపిన నీళ్ళు, పుడ్డింగు, బిస్కెట్టు ఒకటొకటిగా తినిపిస్తారు, స్క్రీన్ మీద నల్లగా గొంతులోంచి దిగడం కనిపిస్తుంది. స్ట్రోక్ వచ్చిన పెద్దాయన. నీళ్ళు తాగాడు. నల్లటి గీత ఒకటి కింద చీలి ఆహారనాళంలోకి కాకుండా ముందుకి, శ్వాసనాళంలోకి జారింది. ఆయన దగ్గలేదు. అస్సలు. హాయిగా కూర్చుని ఇంకో గుక్క కోసం చెయ్యి చాపాడు. థెరపిస్ట్ మెల్లిగా కప్పు పక్కన పెట్టి ఆయనతో గడ్డం కిందకి దించి మింగమంది, మళ్ళీ చూసింది. దగ్గు రాకుండా ఊపిరితిత్తుల్లోకి పోవడాన్ని సైలెంట్ యాస్పిరేషన్ అంటారని పుస్తకంలో చదివా, పరీక్షలో రాశా, ఆ రోజు మాత్రం ఒళ్ళు జలదరించింది. బయట కూర్చుని చూస్తే ఆయన మామూలుగా నీళ్ళు తాగుతున్నట్టే.

స్టేట్‌మెంట్. మొదటి ఏడాది నాది "చిన్నప్పటినుంచీ నాకు సేవ చెయ్యాలనే తపన" అని మొదలైంది. అబద్ధం, చిన్నప్పుడు నాకు టీవీ చూడాలనే తపన తప్ప ఇంకేం లేదు. రెండో ఏడాది ఆ అనాటమీ ప్రొఫెసరే పాతది చదివి మొదటి పేరా మొత్తానికి అడ్డంగా గీత కొట్టి పంపింది, పక్కన "ఇది ఎవరైనా రాయగలరు" అని. నీ దగ్గర ఎవరి దగ్గరా లేనిది ఏముంది అంది. ఆలోచిస్తే బస్సు, తుత్త. అదే రాశా. రబ్బరుతో చెరిపిన కాలమ్ గురించి, చెరపకుండా మిగిల్చిన దాని గురించి, ఆ పని నేను అనువాదకురాలి కుర్చీలోంచి కాకుండా అవతలి కుర్చీలోంచి చెయ్యాలనుకుంటున్నానని. ఆషా సభ్యుల్లో రెండో భాషలో సర్వీస్ ఇవ్వగలిగినవాళ్ళు పది శాతం కూడా లేరు, దాన్ని ఒక్క వాక్యంలో పెట్టా, డప్పు కొట్టలేదు. 2.96 గురించి కూడా రెండే వాక్యాలు: అది పందొమ్మిదేళ్ళప్పటి నేను, ఈ కోర్సులవి ఇప్పటి నేను. సాకులు చెప్పలేదు. ఎనిమిదో డ్రాఫ్ట్‌కి కుదిరింది.

రికమెండేషన్లు మూడు. ఆన్‌లైన్‌లో చదివినవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి, ప్రొఫెసర్లకి మన మొహం తెలీదు. నేను రెండు సబ్జెక్టుల్లో ప్రతివారం ఏదో ఒక డౌట్ పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళేదాన్ని, సగం నిజం డౌట్లు, సగం మొహం చూపించడానికి. మూడోది ఆ స్కూల్ థెరపిస్ట్. ఒకరు డెడ్‌లైన్‌కి ముందురోజు రాత్రి దాకా అప్‌లోడ్ చెయ్యలేదు, నేను పోర్టల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటే మా ఆయన "పడుకో, నువ్వు నొక్కితే రాదు అది" అన్నాడు. పొద్దున్న చూస్తే వచ్చింది.

జీఆర్ఈ గురించి అడుగుతారు కాబట్టి: నా తొమ్మిదిలో ఒక్కటీ అడగలేదు. కోవిడ్ తర్వాత చాలామంది ఎత్తేశారు. అయినా ప్రతి స్కూల్ పేజీ చూసుకోండి.

ఇంటర్వ్యూలు మూడు వచ్చాయి. రెండు రికార్డింగ్ రకం, స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోడానికి కాసేపు ఇచ్చి కెమెరా ఆన్ అయిపోతుంది, ఒక్కటే ఛాన్స్. ఎదురుగా మనిషి లేకుండా నవ్వుతూ మాట్లాడటం కంటే కష్టమైన పని లేదు, నేను లాప్‌టాప్ వెనక మా పాప బొమ్మ ఎలుగుబంటిని కూర్చోబెట్టి దానికి చెప్పా.

మూడోది జూమ్‌లో ఇద్దరు ఫ్యాకల్టీతో. యాస గురించి వస్తుందని తెలుసు. అంతకుముందు ఏడాది ఒక ఇన్ఫర్మేషన్ సెషన్‌లో ఎవరో "ముందు యాక్సెంట్ మోడిఫికేషన్ చేయించుకో" అని ఉచిత సలహా ఇచ్చారు, వారం రోజులు తిండి సహించలేదు. తర్వాత తెలిసింది, ఆషా 1998లోనే దీనిమీద తన మాట చెప్పేసింది: యాస ఉన్నంత మాత్రాన ఈ వృత్తికి పనికిరారనడానికి లేదు, కావాల్సింది విషయం తెలియడం, క్లయింట్‌కి కావాల్సిన శబ్దాన్ని చేసి చూపించగలగడం. ఆ రెండోదే నా దిగులు. మనకి వీ, డబ్ల్యూ రెండూ వ నే కదా. నెలరోజులు బాత్రూమ్ అద్దం ముందు వెస్ట్, వెస్ట్, వైన్, వైన్ అని పలికా, మా పాప బయటనుంచి "అమ్మా ఎవరితో మాట్లాడుతున్నావ్" అనేది.

అనుకున్నట్టే అడిగారు, మర్యాదగానే: ఆర్టిక్యులేషన్ కేసులో శబ్దం మోడల్ చెయ్యాల్సి వస్తే ఏం చేస్తారు? నేను రెండూ పలికి చూపించా. ఒకదానికి పై పళ్ళు కింది పెదవి మీద ఆనాలి, ఇంకోదానికి పళ్ళు తగలకుండా పెదాలు గుండ్రంగా చుట్టాలి. తర్వాత ప్లాన్ చెయ్యని మాట ఒకటి వచ్చింది, "ఈ తేడా నాకు పుట్టుకతో రాలేదు, నేర్చుకున్నా, అందుకే పన్ను ఎక్కడ ఆనాలో పిల్లాడికి చెప్పగలను" అని. ఇద్దరిలో పెద్దావిడ ఏదో రాసుకుంది. రాసుకోవడం చూసి నాకు ఆ స్కూల్ టెస్ట్ గుర్తొచ్చి భయమేసింది, మళ్ళీ కాలమ్ నింపుతున్నారా అని.

ఫలితాలు: నాలుగు రిజెక్షన్లు, రెండు చోట్ల ఉలుకూ పలుకూ లేదు, రెండు వెయిట్‌లిస్టులు, ఒక అడ్మిట్. అడ్మిట్ వేరే స్టేట్‌లో, నయాపైసా ఫండింగ్ లేకుండా. హెచ్4 వాళ్ళకి ఫాఫ్సా రాదు, అంటే ఫెడరల్ లోన్లు ఉండవు, ఉన్న స్టేట్‌లో ఇన్‌స్టేట్ ఫీజు వస్తుందా అన్నది కూడా స్టేట్‌ని బట్టి ఉంటుంది, మా దగ్గర వస్తుంది. ఇన్‌స్టేట్ ఫీజు వచ్చే స్కూల్ అంటే ఆ జూమ్ ఇంటర్వ్యూ వాళ్ళదే, ఇంటికి నలభై నిమిషాల దూరం, కానీ అక్కడ నేను వెయిట్‌లిస్టులో. పాపని, మా ఆయన్ని ఇక్కడ వదిలి రెండేళ్ళు వెళ్ళగలనా అని ఇంట్లో రాత్రుళ్ళు చర్చలు. ఏప్రిల్ 15 చాలా స్కూళ్ళకి ఆఖరి తేదీ, ఆ రోజు లోపు అందరూ ఎక్కడో ఒకచోట ఖాయం చెప్పాలి, పట్టుకున్న మిగతా ఆఫర్లు వదలాలి, అందుకే వెయిట్‌లిస్టులు కదిలేది ఆ ముందు వెనక రోజుల్లోనే. నేను ఏప్రిల్ 14 రాత్రి దాకా ఆగి దూరం స్కూల్‌కి 300 డాలర్లు డిపాజిట్ కట్టేశా.

17న మధ్యాహ్నం పాపని స్కూల్ నుంచి తెస్తుంటే మెయిల్. దగ్గరి స్కూల్లో ఒక సీటు ఖాళీ అయింది, 48 గంటల్లో చెప్పమన్నారు. నేను కారు పార్కింగ్‌లో ఆపి అక్కడే జవాబు రాసేశా, 48 నిమిషాలు కూడా పట్టలేదు. 300 డాలర్లు పోయాయి. పోనీ.

సీటొస్తే అయిపోయిందనుకున్నా, మర్నాడే క్లినిక్ ఆఫీస్ నుంచి ఇంకో లిస్ట్: వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, సీపీఆర్, మీజిల్స్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ టీకాల రికార్డు. అమ్మకి ఫోన్ చేసి నా చిన్నప్పటి టీకాల కార్డు ఉందా అని అడిగా. "నీ బీటెక్ మెమోలకే ఇల్లంతా తిరగేశాం, ఇప్పుడు పొత్తిళ్ళలోవి కూడా కావాలా వాళ్ళకి?" అంది. రెండు రోజులు వెతికారు, దొరకలేదు. బ్లడ్ టెస్ట్ చేయించుకుంటే చికెన్‌పాక్స్‌కి ఇమ్యూనిటీ ఉన్నట్టు వచ్చింది, అమ్మ అంది, మూడో తరగతిలో అమ్మవారు పోసిందిగా, నన్నడిగితే నేనే చెప్పేదాన్ని.